నూట ఇరవై బై ఎనభై

కర్నూలు పక్కన కల్లూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఒక ఉదయం పిల్లలను ఆసుపత్రి వార్డుకు తీసుకువెళ్లినప్పుడు, మైదుకూరు నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి రోగులందరికీ ఒకటే బీపీ రాసింది. నూట ఇరవై బై ఎనభై. వాళ్లలో ఒకాయన బీపీ ఎక్కువై చేరినవాడే.

“నిజంగా చూసినావా?” అని అడిగాను.

“చూసినా మేడం,” అంది తల దించుకుని.

మళ్లీ చేసి చూపిస్తేనే ప్రాక్టికల్ పాసు చేస్తానన్నాను. ఆమె రాలేదు. వాళ్ల నాన్న వచ్చాడు, మైదుకూరులో బట్టల అంగడి ఆయనది. ఆయన అటు వెళ్లగానే కరస్పాండెంట్ నన్ను పిలిపించి టీ తెప్పించాడు.

“చుట్టుపక్కల ఇంకా కాలేజీలు ఉండాయి మేడం. పిల్లోళ్లు మనకు కస్టమర్లు. వాళ్లను నొప్పిస్తే ఎట్లా?”

“రేపు ఆ పాప చూసిన బీపీని నమ్మి మందులిస్తారు సార్.”

“అది రేపటి సంగతి కదా.”

ఆ అమ్మాయిని ఇంకొకరు పాసు చేశారు. నన్ను వార్డు పని నుంచి తప్పించారు. పెద్దగా బాధపడలేదు. ఎండలో ఆటోల కోసం నిలబడే పని తప్పింది.

చదువు ముగిసి, కడపలో ఉద్యోగం దొరికాక, అందులో చేరాలంటే భయమేసి ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చింది.

“బీపీ చూసేటప్పుడు స్టెతస్కోపులో వచ్చే శబ్దం నాకు ఇనపడదు మేడం. మొదటినుంచీ అంతే. అందరూ ఇనిపిస్తాండాది అంటాంటే నేనూ అట్లే అనేదాన్ని.”

“మరి మీ నాయనతో ఏం చెప్పినావు?”

“మీరు శానా సతాయిస్తాండారని చెప్పినా.”

ల్యాబులో కూర్చోబెట్టి నా చేతికే బీపీ పట్టీ కట్టించాను. గాలి సరిగ్గానే నింపింది, స్టెతస్కోపు సరైన చోటే ఆనించింది. గాలి వదిలినంతసేపూ నా ముఖం వైపే చూస్తూ ఉంది. చిన్నప్పటి నుంచి చెవులు కారేవట. క్లాసులో ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునేది. శ్రద్ధ అనుకునేవాళ్లం.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. రెండు కర్ణభేరులకూ రంధ్రాలున్నాయని, ఆపరేషన్‌తో మెరుగుపడవచ్చని చెప్పాడు. కబురు విని వాళ్ల నాన్న బస్సెక్కి వచ్చాడు. అంతా విన్నాక అడిగాడు.

“ఇన్నేండ్లు కాలేజీలో ఎవరూ కనుక్కోల్యాదా మేడం?”

“కనుక్కునేలోపల పాసు చేసేసినాం కదన్నా,” అన్నాను.

ఆయన కూతురి చేతిలోని సంచి తీసుకుని మందుల షాపు వైపు నడిచాడు.

ఆపరేషనయి కోలుకునేసరికి కడప ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చేశారు. కుడి చెవి బాగుపడింది. ఇప్పుడు మైదుకూరులోనే ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఎడమ చెవి సంగతి ఇంకా చూడాలి.