సత్తు గిన్నె

మందిరంలో ఆమెను అందరూ తాళమత్త అనేవారు. పీఠం వెనక గదిలో ఉన్న బీరువాకు తాళం వేసేది, గుమ్మం దాకా వెళ్ళేది, వెనక్కి వచ్చి మళ్ళీ ఒకసారి లాగి చూసేది.

“తాళం పడిందని తాళానికి కూడా తెలుసత్తా, నీకే నమ్మకం లేదు” అని పాటలు పాడే ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు.

“తాళానికి తెలిస్తే సరిపోతుందా? అది సాక్ష్యం చెప్పదుగా” అనేది ఆమె.

ఆ గది పని ఆమెకు తల్లి నుంచి వచ్చింది. పాస్టరుగారి అంగీలు ఉతకడం, ఇత్తడి దీపస్తంభాలు మెరిపించడం, అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకొనే ప్రభువు బల్ల ఉన్న ఆదివారాల్లో బల్ల మీద రొట్టె పళ్ళెం, రసం పోసిన గిన్నె అమర్చి తెల్లగుడ్డ కప్పడం. ఆ గుడ్డను ఆరాధన నడుమ పాస్టరుగారే తీయాలి. అప్పటిదాకా దాని అడుగున ఏముందో ఆమెకు, దేవుడికి తప్ప తెలియదు.

బీరువా అడుగు అరలో, పాత దుప్పటి ముక్కలో చుట్టి, ఒక సత్తు గిన్నె ఉండేది. మందిరం కట్టిన తొలి తరంలో ముందు బెంచీల వాళ్ళు వెండి గిన్నెలో తాగేవారు, వెనక బెంచీల వాళ్ళు సత్తు గిన్నెలో. రొట్టె ఒకటే, ప్రార్థన ఒకటే, రసమూ ఒకే సీసాలోదే. అందరూ ఒకే శరీరమని బోధించిన పెద్దలు అబద్ధమాడుతున్నామని అనుకొని ఉండరు. వారి సిద్ధాంతం ఆత్మల సంగతి చూసుకొంది. పెదవుల సంగతి, ఎంగిలీ కులమూ ఎంచే వీధికి వదిలేసింది. తరువాత వచ్చిన ఒక పాస్టరు ఇక అందరికీ వెండి గిన్నే అన్నాడు. ఎందుకన్నాడో, అంతకు ముందు ఎందుకు కాదో మాత్రం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. క్షమాపణ లేకుండానే సర్దుబాటు జరిగిపోయింది.

ఆ రోజు తాళమత్త తల్లి సత్తు గిన్నెను గుడ్డలో చుడుతూ కూతురి చేత ఒట్టు వేయించుకొంది. “దీన్ని పారెయ్యకు. కానీ నీ మూతి మాత్రం దీనికి తగలనివ్వకు.”

మందిరం శతజయంతి దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం సంఘ కార్యదర్శి ఆ గదిలోకి వచ్చాడు. ముందు బెంచీ మనిషి. తాతల నాటి నుంచీ బల్ల దగ్గర మొదట నిలబడే కుటుంబం.

“అత్తా, బాగున్నారా? మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?”

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇన్నేళ్ళూ “ఏమమ్మా, నువ్వు” అన్న మనిషి నోట “మీరు” వచ్చిందంటే వెనక ఏదో ఉంది.

“మోకాళ్ళు బాగానే ఉన్నాయి బాబూ. విషయం చెప్పండి.”

“అబ్బే, ఏం లేదు. ఆ పాత సత్తు గిన్నె ఒకటుండాలి చూడండి. ప్రదర్శనలో పెడదామని. ఆదివారం మన నాయకుడు ఆరాధనకొచ్చి, అయ్యాక ప్రారంభిస్తారు.”

“ఇంతకాలం లేనిది ఇప్పుడు గుర్తొచ్చిందా?”

“మన చరిత్ర కదత్తా!”

“ఎవరి చరిత్ర?” అని అడగబోయి ఊరుకొంది. ఎన్నికలు దగ్గరలో ఉన్నాయి. నాయకుడికి ముందు బెంచీల చందాలూ కావాలి, వెనక బెంచీల ఓట్లూ కావాలి. “వెతికి చూస్తాను” అని మాత్రం అంది.

సాయంత్రం చీపురు పట్టుకొని పక్క హాలులోకి వెళ్ళింది. గాజు పెట్టెలో ఖాళీ చోటు, దాని ముందు అచ్చువేసిన అట్ట: “తొలినాటి విశ్వాసుల నిరాడంబరతకు గుర్తు.”

ఆమె రెండుసార్లు చదివింది. తరువాత ఎవరూ లేని ఆ హాలులో, “నిరాడంబరతా!” అని పైకే అంది. అవమానాన్ని ఇంత శుభ్రంగా తోమడం ఆమెకు కూడా చేతకాదు.

ఆదివారం పొద్దున వెండి గిన్నెను బీరువాలోనే ఉంచి తాళం వేసింది. సత్తు గిన్నెలో అంచుకు కాస్త కింది దాకా రసం పోసి, బల్ల మీద పెట్టి, గుడ్డ కప్పింది. తేడాలు పోయాయంటున్నారుగా, చూద్దాం అనుకొంది.

పాస్టరుగారు గుడ్డ తీశారు. ఆయన కుర్రవాడు, ఈ సంఘానికి కొత్త. ఒక్క క్షణం ఆగి, గది గుమ్మంలో నిలబడిన తాళమత్త వైపు చూశారు. ఆమె బొడ్లో తాళంచెవి మీద చెయ్యి వేసుకొని కదలకుండా నిలబడింది. ముందు బెంచీలో నాయకుడు ఏమీ తెలియక చిరునవ్వుతో ఉన్నాడు. కార్యదర్శి మెడ మాత్రం బిగుసుకొంది. పాస్టరుగారు సత్తు గిన్నె ఎత్తి దీవించారు.

మొదట కార్యదర్శే వచ్చాడు. తల వంచాడు, గిన్నె వంగింది, గొంతు కదిలింది. ఆమె రెప్ప వేయలేదు. అయినా పెదవి తడిసిందో లేదో తేలలేదు. ముందు బెంచీలన్నీ అలాగే వచ్చి వెళ్ళాయి. వెనక బెంచీల ముసలివాళ్ళు గిన్నెను చూడగానే గుర్తుపట్టారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. అందరి తలలూ వంగాయి, అందరి గొంతులూ కదిలాయి.

చివర తాళమత్త వంతు. చల్లటి అంచు ముఖం దగ్గరికి వచ్చేసరికి తల్లి మాట వినపడింది. ఆమె పెదవులు బిగించి, తల వంచి, గుటక మింగినట్టు నటించి పక్కకు తప్పుకొంది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు గిన్నెతో గదిలోకి వచ్చారు. మిగిలిన రసం పారబోయకూడదు, ఆయనే తాగాలి. మామూలుగా అడుగున ఒక గుక్కెడు ఉండేది. ఇవాళ సగానికి పైగా ఉంది.

“ఇదేంటత్తా, చాలామంది తాగనేలేదు!”

“చూశారుగా. ముందు బెంచీల వాళ్ళకి…” అని ఆగిపోయింది. అసహ్యంతో మూసిన పెదవేదో, రోషంతో మూసిన పెదవేదో గిన్నెలో మిగిలిన రసం చెప్పదు. ఇన్నేళ్ళు అందరినీ అనుమానించిన మనిషికి తనను కూడా ఆ వరుసలో నిలబెట్టవలసి వచ్చింది. “నేనూ తాగలేదండి” అంది.

ఆయన ఎందుకని అడిగారు. ఆమె ఒట్టు సంగతి, తల్లి సంగతి, అట్ట సంగతి చెప్పింది, ఆ అట్ట ఉన్నంతవరకు గిన్నె ఇవ్వనంది. ఆయన విని, నిలబడిన చోటనే సగం తాగి, గిన్నె ఆమెకు అందించారు. బలవంతపెట్టలేదు. అదొక్కటి ఆమెకు నచ్చింది. చాలాసేపు పట్టుకొని, ఒట్టు వేయించుకొన్న మనిషికి మనసులో ఏదో చెప్పుకొని, తాగేసింది. రసం రసంలాగే ఉంది.

గుమ్మం దగ్గర కార్యదర్శి గొంతు వినిపించింది. “గిన్నె ఏదండీ? నాయకుడు ఎదురుచూస్తున్నారు!”

“ఆ అట్ట తీసేసి వేరేది పెట్టాకే ఇస్తుందట అత్త” అన్నారు పాస్టరుగారు.

“వేరేదంటే? ఏం రాయాలంట?”

“వెనక బెంచీల గిన్నె అని రాయండి. చాలు” అంది ఆమె.

“ఈ సమయంలోనా? నీకేమైనా పిచ్చా అమ్మా?”

‘మీరు’ పోయి ‘నువ్వు’ రావడం ఆమెకు కొంత ఊరటగానే ఉంది. ఇప్పుడు మాట్లాడుతున్నది నిజమైన మనిషి.

“నేనే రాస్తాను, పదండి” అని పాస్టరుగారు అతన్ని వెంటబెట్టుకొని వెళ్ళారు.

కుర్రవాడు మంచివాడిలాగే ఉన్నాడు. మంచివాళ్ళు కూడా నాయకుల ఎదుట మాట మింగడం ఆమె ఎరుగును. గిన్నె కడిగి, తుడిచి, ఈసారి పై అరలో వెండి గిన్నె పక్కన పెట్టి, తాళం వేసింది. ముందు అట్ట చూడాలి, గిన్నె సంగతి ఆ తరువాత. గుమ్మం దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చి, తాళం మళ్ళీ ఒకసారి లాగి చూసి, హాలు వైపు నడిచింది.