కెంచనగుడ్డలో నేను ఆపిన అడాప్టర్

2024 వానాకాలం. బళ్లారి సత్యనారాయణపేటలో నాది కంప్యూటర్ రిపేరు అంగడి. చదువు ఏడో తరగతితో ఆగింది. ఆగింది అనడం మర్యాద కోసం, నేనే దిగిపోయాను. ఇంగ్లీషు కూడబలుక్కుంటాను గానీ, తెర మీద ఏ మాట ఎక్కడుంటుందో నాకు చోటుతోనే గుర్తు. పైనుంచి మొదటిది, కిందినుంచి రెండోది. ఇన్నేళ్లలో ఎవరూ పట్టుకోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడుంపావుకు కెంచనగుడ్డ నుంచి హనుమక్క ఫోన్ చేసింది. ఆ ఊళ్లో ఆన్‌లైన్ సెంటర్ ఆమెదే.

"మారెప్పా, నెట్టు నిద్రపోతాండాది. ఈడ గౌరి అని ఒక పిల్ల కూర్చోనుండాది. నర్సింగు సీటుకి కాలేజీలు ఎంచుకోవల్ల, నాలుక్కి మూసేస్తారంట. కూలికి పోయే ఇల్లప్పా. ఈ సీటు తప్పితే పిల్ల కూడా నాట్లకే."

"మూడుంపావు దాకా నువ్వు కూడా నిద్రపోయినావా అక్కా?"

"నీ ఎకసెక్కాలు రేపు. బేగ చూడు."

రిమోట్‌లోకి వెళ్లాను. అంటే, నా అంగట్లో కూర్చుని ఆమె కంప్యూటర్‌ను నడపడం. పేజీ తెరుచుకోక గుండ్రంగా తిరుగుతోంది. ఇలాంటప్పుడు నెట్‌వర్క్ అడాప్టర్‌ను, అంటే వైరులోంచి నెట్టును కంప్యూటర్‌లోకి తెచ్చే భాగాన్ని, ఒకసారి ఆపి మళ్లీ వేస్తే సర్దుకుంటుంది. ఆపడం డిజేబుల్, వేయడం ఎనేబుల్. ఎదురుగా ఉన్న కంప్యూటర్లకు వందసార్లు చేసిన పని. డిజేబుల్ నొక్కాను.

నా తెర నల్లబడింది. నేను ఆ కంప్యూటర్‌లోకి వెళ్లిందే ఆ నెట్టు మీద. ఫోను పెట్టేసి, అదే ఫోనులో 'వినపడతాండాదా' అని అడిగినట్టయింది నా పని.

"ఏంది మారెప్పా, ఉన్నదీ పాయె?"

"మీ ఊరి లైను పోయినట్టుండాదక్కా." అబద్ధం నాకంటే ముందే బయటికొచ్చింది.

బండెక్కితే చేరేసరికి ఐదవుతుంది. రీస్టార్ట్ చేసినా అది లేవదు, చేత్తో ఎనేబుల్ చేయాల్సిందే. ఫోను సిగ్నల్ సెంటర్ మెట్ల మీదే ఉంటుంది, కంప్యూటర్ లోపల. నేను హనుమక్కకు చెప్పాలి, హనుమక్క లోపలి గౌరికి అరిచి చెప్పాలి. ఎలాగో అడాప్టర్ బొమ్మ దాకా తీసుకెళ్లాను.

"దాని మీద రైట్ క్లిక్ చేసి, పైన మొదటి లైను నొక్కమను."

"నొక్కిందంట."

"వచ్చిందా?"

"లేదప్పా."

"ఇంకోసారి నొక్కమను."

మూడూ నలభై. నేను అంగట్లోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి అంగట్లోకి తిరుగుతున్నాను. నాలుగోసారి నొక్కమన్నాక ఫోనులో వేరే గొంతు వినిపించింది.

"అన్నా, నేను గౌరిని. ఆ లైను ప్రతిసారీ మారుతాండాది. ఒకసారి ఎనేబుల్ అని ఉంటాది, ఒకసారి డిజేబుల్ అని. నువ్వు రెండూ నొక్కమంటాండావు. నీకు ఏది కావల్ల?"

చోటు ఒకటే, పనులు రెండు. ఆ పిల్ల వేసిన ప్రతిసారీ, నెట్టు అందుకునేలోపే నేను మళ్లీ ఆపించాను.

"ఎనేబుల్ అని ఉన్నప్పుడు నొక్కు తల్లీ. నొక్కి, పది లెక్కపెట్టు."

ఆమె ఇంకా ఫోనులోనే ఉంది. "డిజేబుల్ దానంతటదే అవుతాదా అన్నా? లైను పోయిందంటివి కదా?"

"లేదమ్మా. నేనే చేసినా."

"ముందే చెప్పింటే ఈపాటికి అయిపోయిండేది గదన్నా." కోపంగా కూడా అనలేదు. అదే తగిలింది. చెప్పుల చప్పుడు లోపలికి పోయింది.

మూడూ యాభై నాలుగుకు హనుమక్క అంది, "కాలేజీలన్నీ ఎక్కినాయంటప్పా. ఇంక మా ఊరి లైనుకి నువ్వే క్షమాపణ చెప్పు."

ఇప్పుడు రిమోట్‌లో అడాప్టర్ జోలికి పోను. అది పనిలో నేర్చుకున్నది. గౌరి దగ్గర నేర్చుకున్నది వేరు. పొరపాటు చేస్తే, దాన్ని సరిచేయడం మొదలుపెట్టకముందే నేనే చేశానని చెప్పేస్తున్నాను. గిరాకీలు నవ్వుతారు, నవ్వనీ. నేనేం ఆపానో తెలిస్తే, దాన్ని వేయగలిగే మనిషి అవతల ఉండొచ్చు.