ధ్యానం ఫీజులో రాయితీ

ముందే చెబుతున్నాను, గోరంతను కొండగట్టంత చేసే అలవాటు నాది. సిరిసిల్లలో మా బావ నడిపిన మరమగ్గాల మోతకు కోరుట్లలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. అవి ఆగిపోయాక, ఆ చప్పుడు లేక బావకు నిద్ర కరువైంది. జగిత్యాలలో ధ్యానం క్లాసుకు తీసుకెళ్లాను. లేనివాళ్లకు ఫీజు తగ్గిస్తారట.

రాయితీ కోసం క్లాసు నడిపే మేడం ముందు రెచ్చిపోయాను.

"మా బావ తిండి మానేసిండు మేడం. వాడకట్టంతా వినేటట్టు ఏడుస్తడు. రోజూ చస్తనంటడు."

మేడం బావ వైపు చూసింది. నా అబద్ధాలు బయటపడతాయనుకున్నాను.

"ఏడుసుడు అబద్ధం మేడం," అన్నాడు బావ నెమ్మదిగా. "సావాలని మాత్రం అనిపిస్తది. నేను ఎవ్వలకు చెప్పలే. వీనికెట్ల ఎరుకైందో."

ఫీజు మొత్తం మాఫీ చేశారు. తిరుగు బస్సులో బావ నా వీపు చరిచి పగలబడి నవ్వాడు.

ఇందులో పెంచి రాసినవి చాలానే ఉన్నాయి. పూర్తిగా కల్పించింది మాత్రం ఆ నవ్వొక్కటే.