నమ్మకమున్నదా అని అడిగిన బాపు

మొన్న మా మనుమరాలు పౌరశాస్త్రం పాఠం బిగ్గరగా వల్లె వేస్తూ, మంత్రివర్గానికి ప్రధానమంత్రి పెద్ద అనీ, లోక్‌సభకు నమ్మకం ఉన్నంత కాలమే ఆ పదవిలో ఉంటాడనీ అంటుంటే, నస్పూర్‌లో మా పాత క్వార్టర్ వాకిలి కళ్ళముందు కదిలింది. చేతిలో చాయ్ చల్లారిపోయింది.

అదే పాఠం నేనూ చిన్నప్పుడు చదివాను, మా నాన్న, అంటే మా బాపు, వింటుండగా. బాపు బొగ్గుబాయిలో టబ్బులు నింపే గ్యాంగుకు పెద్ద. కంపెనీ పెట్టిన పెద్ద కాదు, నువ్వే ముందు నడువుమని తోటివాళ్ళు ఒప్పించిన పెద్ద. అందరిలాగే తట్ట మోసేవాడు, కాకపోతే పనిచోటికి ముందుగా వెళ్ళి, కర్రతో పైకప్పు బండను తట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందనిపిస్తేనే ఇక రండి అని చెప్పేది ఆయనే. నా పాఠం విని, "గట్లయితే ప్రధానమంత్రంటే మా గ్యాంగు పెద్ద లెక్కనే గద బిడ్డా" అని మురిసిపోయాడు. "అయితే ఢిల్లీకి పో మరి" అని మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, వెక్కిరించింది. కొంతకాలం మా వాడంతా బాపును ప్రధాని అనే పిలిచింది, నాకు భలే గర్వంగా ఉండేది.

ఆ ఏడు వానాకాలంలో, బాపు తట్టి చూసి మంచిగనే ఉందన్న చోటే బండ కూలింది. మా మేనమామ, అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు, దాని కింద నలిగి చనిపోయాడు. బాపు తప్పేమీ లేదని అధికారులు కూడా అన్నారు. దశదినకర్మ అయ్యాక బాపు గ్యాంగును మా వాకిట్లోకి పిలిచి, నా పాఠంలోని మాటే అడిగాడు.

"నా మీద మీకు నమ్మకమున్నదా?"

ఎవరూ లేదనలేదు, ఉందనీ అనలేదు. చాయ్ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. చివరికి గడపలో నిలబడ్డ అవ్వే, "నా తమ్ముడు నీ మాట ఇని లోపటికి పోయిండు. ఇగ నువ్వు ముందు నడువకు" అంది. బాపు కర్రను పక్కవాడి చేతికిచ్చాడు. దేవుడా, ఆ ముఖం ఎట్లా మరిచిపోను! మర్నాటి నుంచి రిటైరయ్యే దాకా అదే గ్యాంగులో అందరికన్నా వెనక నడిచాడు.

కొన్నేళ్ళకు, సభలో విశ్వాస పరీక్ష నెగ్గలేక ఒక ప్రధానమంత్రి రాజీనామా ఇచ్చాడని రేడియోలో వార్త వచ్చింది. బాపు తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. అవ్వ ఆయన పళ్ళెంలో ఇంత పప్పు వేస్తూ, "పాపం, గాయనకు గూడ ఇంట్ల ఎవరన్న దిగుమని చెప్పిన్రో ఏమో" అంది. బాపు ముద్ద వదిలేసి ఏడ్చాడు. మామ పోయినప్పుడు కూడా ఆయన అట్లా ఏడవడం నేను చూడలేదు.

ఇప్పుడా బాయి మూతబడింది, తట్టలు పోయి యంత్రాలొచ్చాయి, గ్యాంగులన్న మాటే వినబడదు. మా కాలనీ సంఘం పెద్ద నుంచి పైదాకా ఎవరిని చూసినా కుర్చీ ఎట్లా నిలుపుకోవాలన్న ఫికరే తప్ప, నమ్మకమున్నదా అని తమంతట తాము అడిగేవారు కనబడరు. మనుమరాలు పుస్తకం మూసి, ప్రధానమంత్రి అధికారాలన్నీ వచ్చేశాయి, అడుగు అమ్మమ్మా అంది. దిగిపోవాల్సి వస్తే ఎట్లా దిగాలని అడిగాను.

"గది పరీక్షల రాదు అమ్మమ్మా" అని లేచి వెళ్ళిపోయింది. చేతిలో కర్ర లేని బాపు చాలాసేపు నా కళ్ళముందే నిలబడ్డాడు.