దొరకని బ్యాటరీ

గడియారాలు బాగుచేసే ఆ మనిషికి ఒక అలవాటు ఉంది. పనికి కూర్చోగానే, బల్ల అంచుకు బిగించిన గుడ్డ కొసలు రెండూ నడుముకు కట్టుకుంటాడు. చేతిలోంచి ఏది జారినా ఒళ్లోనే పడుతుంది. కొట్లో అతను ఉన్నపళంగా లేవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

పాప పుట్టాక ఆ బల్లతో సహా సగం పని ఇంటికి తెచ్చుకుంటున్నాడు.

ఆ ఉదయం పాకుతూ పాకుతూ పాప తలుపుకు తల కొట్టుకుని కెవ్వుమంది. అతను కట్టు సంగతి మరిచి దిగ్గున లేచాడు. బల్ల ఒరిగింది. సామానంతా గదిలో చెల్లాచెదురైంది.

పాపను చంకనేసుకునే అన్నీ ఏరాడు. అప్పుడే ఓ చేతిగడియారంలోంచి తీసిన బ్యాటరీ మాత్రం లేదు. పప్పుబద్దంత ఉంటుంది. పాప ఏడుపు మాని దేన్నో చప్పరిస్తోంది.

నోట్లో వేలు పెట్టాడు. కొత్త పళ్లు కసుక్కున దిగాయి. ఏమీ తగల్లేదు.

భార్య తడిచేతులతో వచ్చింది. "మింగిందా?"

"తెలీదు."

"తెలీదంటే ఏంటండీ?"

"కంగారు పడకండర్రా," అంది అత్తగారు. "మా అమ్మాయి గుండీ మింగలేదూ చిన్నప్పుడు? మర్నాటికి అదే వచ్చింది."

"ఇది గుండీ కాదత్తయ్యా. గొంతులో ఇరుక్కుంటే లోపల కాల్చేస్తుంది."

ఆ మాట అంటూనే అతను పాపతో బయటికి పరుగెత్తాడు, వెనకే భార్య.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసినతను తెర మీది బొమ్మను పైకీ కిందికీ జరుపుతూ చూశాడు.

"ఏదో ఒకటి చెప్పండి బాబూ!" అంది భార్య.

"చూడనివ్వమ్మా... గొంతులో లేదు. కడుపులోనూ లేదు. తీసుకెళ్లండి."

అప్పుడు ఏడ్చింది ఆమె.

ఇంటికొచ్చాక ఆమె పాపను చంక దించలేదు. "అది దొరికేదాకా నేల మీద పెట్టను."

"మరి అన్నం?" అంది అత్తగారు.

"ఒంటిచేత్తో తింటాను."

అతను చాప దులిపాడు. మంచం జరిపాడు. మోకాళ్ల మీద నేలంతా తడిమాడు. చివరికి అలిసిపోయి కూర్చుని, పైకి మడిచిన ప్యాంటు అంచు దించుకుంటుంటే, ఏదో జారి నేల మీద టిక్కుమంది. బ్యాటరీ.

ఆసుపత్రికి అతనితోనే వెళ్లి, అతనితోనే తిరిగొచ్చింది.

"దానికీ ఓ ఫొటో తీయించాల్సింది అల్లుడూ," అంది అత్తగారు. ఎవరూ నవ్వలేదు.

"దొరికిందిగా, ఇక దించు," అన్నాడు అతను.

భార్య పాపను రెండో చంకకు మార్చుకుంది. బల్ల వైపు చూసింది.

అతను సామాను డబ్బాలో సర్ది, బల్లను భుజానికెత్తుకుని కొట్టుకు బయలుదేరాడు.