ఏప్రిల్లో హీటరు

మనుషుల్ని ఉడికించడానికి కుక్కరు అక్కర్లేదు, కారు చాలని మా కుటుంబంలో మొదట కనిపెట్టింది నేనే. అదీ ఏప్రిల్ నెలలో, పగలు పదకొండు గంటలకి, పట్టుచీరల్లో ఉన్న ముగ్గురు పెద్దవాళ్ళ మీద. ఇంకో సంగతి కూడా దాచకూడదు. నేను కాలేజీలో ఫిజిక్స్ పాఠం చెబుతాను. జరిగినదానికి సగం కారణం అదే.

అప్పటికి మేం పాత కారొకటి కొని రెండు నెలలైంది. మలికిపురంలో మా ఇంటినుంచి కాలేజీకి ఐదు నిమిషాలు. నా డ్రైవింగు అనుభవమంతా ఆ ఐదు నిమిషాలే. ఆ శనివారం అమలాపురంలో చర్చిల పాటల పోటీ ఉంది. మా చర్చి తరఫున పాడేది ముగ్గురు: మా అత్తయ్యగారు, సుగుణమ్మగారు, మార్తమ్మగారు. తొమ్మిదేళ్ళుగా వెళ్తున్నారు, తొమ్మిదేళ్ళుగా ‘పాల్గొన్నందుకు’ సర్టిఫికెట్లు తెచ్చుకుంటున్నారు. ఈసారి కూడా ఏమీ రాకపోతే పాడడం మానేస్తానని అత్తయ్యగారు ఇంట్లో అనేశారు. రిటైరైన టీచరమ్మ, అన్నారంటే అన్నట్టే.

మావారికి ఆ రోజు డ్యూటీ. “నేను తీసుకెళ్తానండీ అత్తయ్యగారూ,” అన్నాను. నా నోటికి బ్రేకులు అప్పటికీ లేవు, ఇప్పటికీ లేవు.

అత్తయ్యగారు ముందు సీట్లో, ఒళ్ళో పాటల కాగితాలతో. మిగతా ఇద్దరూ వెనక. ఏసీ చల్లగా వస్తోంది. తాటిపాక దాటాక నా చూపు ఇంజను వేడి చూపించే ముల్లు మీద పడింది. రోజూ అడుగున పడుకుని ఉండే ముల్లు లేచి సరిగ్గా మధ్యలో నిలబడింది. సగం దారిలోనే సగం మరిగిందంటే అమలాపురం చేరేసరికి పేలిపోదూ? నా లెక్క అది.

“ఇంజను వేడెక్కిపోతోందండీ,” అన్నాను.

“ఆపెయ్యమ్మా అయితే,” అన్నారు అత్తయ్యగారు.

“ఆపితే పోటీకి అందుకోలేమండీ. ఏసీ తీసేసి హీటరు వేస్తాను.”

అత్తయ్యగారు కాగితాల మీంచి తలెత్తి నా వైపు చూశారు.

“ఏం వేస్తానంటోందండీ?” అని సుగుణమ్మగారు పక్కావిడని అడిగారు.

నేను క్లాసులో నిలబడ్డట్టే అందుకున్నాను. “ఇంజను వేడిని మోసేవి లోపల తిరిగే నీళ్ళండీ. హీటరు వేస్తే ఆ వేడి మన ముందున్న చిన్న రేడియేటర్లోంచి కూడా బయటికొస్తుంది. ఫ్యాను దాన్ని మన మీదకి ఊదుతుంది. ఇంజను చల్లబడుతుంది.”

“అంటే దాని జొరం మనం పుచ్చుకోవాలన్నమాట,” అన్నారు మార్తమ్మగారు.

“ఆయ్, అంతేనండి.”

“పెట్రోలెక్కువ తాగదూ?” అన్నారు అత్తయ్యగారు.

“తాగదండీ. అదెలాగూ పారబోసే వేడే. ఇంజను లాగుడు కూడా తగ్గదు. ఏసీకైతేనే బలం ఖర్చు.”

ఇందులో ఒక్క మాట తప్పు లేదు. పరీక్షలో ఎవరైనా ఈ జవాబు రాస్తే ఇప్పటికీ పూర్తి మార్కులు వేస్తాను.

హీటరు వేశాను. జుట్టు చెదిరిపోతుందని అత్తయ్యగారు అద్దాలు దించనివ్వలేదు. మామిడికుదురు వచ్చేసరికి మేం పనసాకు బుట్టల్లో పొట్టిక్క ఇడ్లీల్లా ఉడుకుతున్నాం. పౌడరు కరిగి మెడల్లోకి జారింది.

“దిగిందా అమ్మా ముల్లు?” అన్నారు అత్తయ్యగారు.

“లేదండీ. ఇంకొంచెం పెంచనా?”

“పెంచు తల్లీ. ఇంజను బతికితే చాలు.”

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే ఒకడు చుట్టకి నిప్పడిగాడట. నలుగురం కాలిపోతుంటే ఆ ముల్లు నిప్పు కూడా అడక్కుండా మధ్యలో తాపీగా నిలబడింది.

పాశర్లపూడి వంతెన ఎక్కగానే సుగుణమ్మగారు, “నాకు కళ్ళు తిరుగుతున్నాయండీ,” అని అద్దం దించేశారు. ఇక ఆగలేక అత్తయ్యగారూ దించారు. గోదారి పాయ వైనతేయ మీద గాలి గురించి మీకు చెప్పక్కర్లేదు. ఒళ్ళో ఉన్న నాలుగు కాగితాలూ కొంగల్లా ఒకదాని వెనక ఒకటి లేచి గోదారి మీదకి వెళ్ళిపోయాయి.

నేను బ్రేకు మీద కాలు పెట్టాను.

“పోనియ్యి,” అన్నారు అత్తయ్యగారు. “దేనికి ఆపడం? దూకుతావా?”

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ తొమ్మిదేళ్ళ ఆశని నా ఫిజిక్సు పావుగంటలో గోదారి పాలు చేసింది.

మార్తమ్మగారే నోరు విప్పారు. “ముప్పై ఏళ్ళనుంచి పాడతన్న పాటే కదండీ వదినగారూ. మనకి కాగితాలెందుకండీ?”

“తప్పుపోతేనో?”

“ముగ్గురం ఒక్కచోటే పోదామండీ.”

అత్తయ్యగారు నవ్వేశారు. ఆవిడ నవ్వాక మిగతావాళ్ళమూ నవ్వాం, చెమటలు తుడుచుకుంటూ.

ఏటా ఆ ముగ్గురూ కాగితాల్లో తలలు దూర్చి పాడేవారు. ఆ రోజు అమలాపురంలో వేదిక మీద చూడడానికి కాగితం లేక ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాడారు. ఒకరు అందిస్తే ఇంకొకరు అందుకున్నారు. రెండో చరణంలో సుగుణమ్మగారు మాట మర్చిపోతే అత్తయ్యగారు కళ్ళతోనే అందించారు. మూడో బహుమతి వచ్చింది. అత్తయ్యగారు ఆ కప్పుని చంటిబిడ్డలా ఎత్తుకున్నారు.

తిరిగి వెళ్ళేముందు భయంభయంగా కారుని మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆయన బానెట్టు ఎత్తి, అంతా చూసి దించాడు.

“కంప్లయింటేంటండీ?”

“ముల్లు సగానికి వచ్చేసిందండీ.”

“ఆయ్. అక్కడే ఉండాలండీ.”

“అంటే?”

“ఇంజను కాస్త తిరిగేక ముల్లు మధ్యలో నిలబడుద్దండీ. మీ బండి దివ్యంగా ఉంది. రోజూ దగ్గిర్లోనే తిప్పుతారేమో, వేడెక్కే టైముండదు.”

“మరి హీటరు వేస్తే ఇంజను చల్లబడడం?”

“అదీ నిజమేనండీ. ముల్లు పైకి పోతే హీటరేసుకుని, పక్కకాపి చల్లారనివ్వాలి. కాసేపు సాయం పడుద్ది.” అప్పుడు ఆయన కారులో ముగ్గురి అవతారాలూ చూశాడు. “ఇప్పుడెందుకు ఏసేరండీ?”

నేను ఆయనకి డబ్బులిచ్చి స్టీరింగు పట్టుకున్నాను.

తిరుగు దారిలో ఏసీ పూర్తిగా పెట్టి, జరిగిన తప్పంతా ఒప్పుకున్నాను. అత్తయ్యగారు సాంతం విని, కప్పు ఒళ్ళో సర్దుకున్నారు.

“అదంతా నాకు తెలీదమ్మా. ఈ వేడికే మా గొంతులు విచ్చుకున్నాయి. వచ్చే ఏడు కూడా తాటిపాక దాటగానే వేసెయ్యి.”

వెనకనుంచి ఇద్దరూ, “ఆయ్, వెయ్యాలండీ,” అన్నారు.

కాబట్టి కారుతో వచ్చిన పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఆ ముల్లు మధ్య గీత దాటితే తప్ప, ఏప్రిల్లో హీటరు ముట్టుకోను. మొదటి బహుమతి వస్తుందని అత్తయ్యగారు బతిమాలినా సరే.