మా అత్తయ్య నడిపిన ఇడ్లీ బండి

మా అత్తయ్యను మెచ్చుకోవడం నాకంత సులువైన పని కాదు. చుట్టాల ముందు నా పప్పుచారుకు వంకలు పెట్టే మనిషి ఆమె. కానీ ఈ ఒక్క సంగతిలో మాత్రం ఆమెకు చేతులెత్తి దండం పెడతాను.

తిరువూరులో మా పక్కింటావిడ బస్టాండు దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. గంపలగూడెం ఆటోల డ్రైవర్లూ, పత్తి తీతకు వెళ్ళే కూలీలూ పొద్దున్నే ఆమె దగ్గరే తింటారు. భర్తకు నడుము నొప్పి, బరువు పనులు చేయలేడు. ఆ ఇల్లు గడిచేది బండి మీదే. వాళ్ళు హిందువులు, మేము క్రైస్తవులం. మా రెండిళ్ళ మధ్య కూరగిన్నెలు మాత్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవి.

ఒకరోజు ఆమె అత్తయ్యను పెరట్లోకి పిలిచింది. రొమ్ములో గడ్డ ఉందట, విజయవాడలో ఆపరేషన్ చేయించుకోవాలట. "ఎవరికీ చెప్పొద్దక్కా. జబ్బు మనిషి చేతి ఇడ్లీ ఎవరు తింటారు?" అందట. అత్తయ్య ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా చెప్పలేదు. దేవుడికి మాత్రం చెప్పింది.

అక్కడే వచ్చింది చిక్కంతా. మా చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎవరి భారం వాళ్ళు మైకు పట్టుకుని దేవుడికి చెప్పుకుంటారు. ఒకసారి కళ్ళు మూసుకుందంటే మా అత్తయ్యకు లోకం గుర్తుండదు. "ప్రభువా, మా పక్కింట్లో ఇడ్లీలమ్ముకునే నా చెల్లెలి రొమ్ములో గడ్డని నీ చేత్తో ముట్టు తండ్రీ" అని వెక్కివెక్కి ఏడుస్తూ వేడుకుంది. చర్చి గోడకున్న లౌడ్‌స్పీకరు ఆ మాటను వీధి వీధంతా మోసింది. నేను ఆపమని కొంగు పట్టి లాగాను. నేనూ కదిలిపోయాననుకుని ఆమె గొంతు ఇంకా పెంచింది.

మర్నాడు బండి దగ్గరికి సగం మంది కూడా రాలేదు. "ఏమ్మా, అంటుకునే జబ్బేనా?" అని ఒకాయన మొహం మీదే అడిగాడట. మిగిలిపోయిన ఇడ్లీల గిన్నెతో ఆమె తిన్నగా మా గుమ్మం ముందుకొచ్చి, "నిన్ను నమ్మానక్కా" అని, అంతే, వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది.

అత్తయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. సాయంత్రం క్షమించమని అడగడానికి వెళితే ఆమె మాట్లాడలేదు. ఆసుపత్రికి వెళ్ళాక బండి మూతపడితే, మిగిలిన ఆ కాస్త మందీ ఇంకో బండికి అలవాటు పడిపోతారు. తిరిగొచ్చేసరికి ఆమెకు బతుకుతెరువు ఉండదు. ఇది తలుచుకుని అత్తయ్య ఆమె భర్త దగ్గరికి వెళ్ళింది. "తమ్ముడూ, నువ్వు ఆసుపత్రిలో చెల్లెలి దగ్గరుండు. బండి నాకొదిలెయ్యి" అంది. ఆయనకూ వేరే దారి లేదు.

ఇక్కడ నిజం చెప్పాలి. మా అత్తయ్య చేసే ఇడ్లీలు రాళ్ళు. వినగడప ఊరి పొలాల్లో కలుపు తీసిన చేతులకు ఏ పనైనా లొంగుతుంది, ఇడ్లీ పిండి తప్ప. మొదటి రోజు ఒక డ్రైవరు ఇడ్లీని నొక్కి చూసి, "పెద్దమ్మా, ఇది తినాలా, ఆటో జారకుండా టైరు కింద పెట్టుకోవాలా?" అన్నాడు. "రేపు బాగా వస్తాయిలే, తిను నాయనా" అని ఇంకో గరిటె చట్నీ పోసింది. జబ్బు మాట ఎత్తిన వాళ్ళకు మాత్రం, "ఆమె చేతి కూర రోజూ తిన్నదాన్ని. నాకంటుకుందా?" అని గట్టిగా బదులిచ్చేది. పిండి పాళ్ళ కోసం ఆసుపత్రికి ఫోన్ చేసేది. పక్కింటావిడ భర్త ఆమెను అడిగి చెప్పేవాడు. ఆమె మాత్రం ఫోన్ అందుకునేది కాదు. అయినా చెప్పించేది కదా, ఇడ్లీలు మెల్లగా మెత్తబడ్డాయి.

జ్వరంతో ఉన్నా ఆదివారం ఆరాధన మానని మనిషి మా అత్తయ్య. బండికేమో ఆదివారమే గిరాకీ ఎక్కువ. ఆమె చర్చికి వెళ్ళడం మానేసింది. సంఘంలో ఆడవాళ్ళు గుసగుసలు పోయారు. చివరికి పాస్టరు గారే బండి దగ్గరికొచ్చి, ఎందుకు రావడం లేదమ్మా అని అడిగారు. "నేను పోగొట్టిన బేరం అయ్యగారూ. నేనే నిలబెట్టాలి" అంది ఇడ్లీ పాత్ర దించుతూ. ఆయన ప్లేటు పట్టుకుని జనంలో నిలబడ్డారు. ప్రేమ మీద నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు. ఆవిరికి బొబ్బలెక్కిన ఆ చేతులను చూసినప్పుడు మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఈమె మా అత్తగారని చెప్పుకోవాలనిపించింది.

పక్కింటావిడ తిరిగొచ్చేసరికి బండి చుట్టూ జనం ఉన్నారు. ఆమె దూరం నుంచి చూసి ఇంటికి వెళ్ళిపోయింది. మాతో మాట్లాడలేదు. అత్తయ్య కూడా మాట కోసం ఎదురుచూడలేదు, మర్నాడూ బండి తీసింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆమె మా వంటింట్లోకి వచ్చింది. జుట్టు విరబోసి ఉంది, చేతిలో దువ్వెన. "చెయ్యి పైకి లేవట్లేదక్కా. జడ వేస్తావా?" అంది. అత్తయ్య పీట వాల్చి కూర్చోబెట్టి, చిక్కు తీసి, నెమ్మదిగా జడ అల్లింది. అల్లడం అయిపోయినా ఆమె లేవలేదు. కాసేపటికి జాకెట్టు హుక్కుల మీద చెయ్యి వేసి, "కుట్ల దగ్గర నొప్పిగా ఉంది. ఒక్కసారి చూడక్కా" అంది. నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.